వైరు లేని మీట

ఈ మధ్య అమెరికాలోని మన తెలుగు పిల్లలు కొందరు సౌండ్ ఇంజనీరింగ్‌లోకి వస్తామంటూ నాకు ఫోన్ చేస్తున్నారు. అల్ఫారెట్టా నుంచి ఒకరు, హెర్న్‌డన్ నుంచి ఒకరు. అందరూ అడిగేది ఒక్కటే, "ఆంటీ, ఏ సాఫ్ట్‌వేర్ కొనాలి?" అని. వెనకనుంచి వాళ్లమ్మలు అడిగేది ఇంకొకటి, "ఇందులో హెల్త్ ఇన్సూరెన్స్ ఉంటుందా అండీ?" అని. రెండోదే తెలివైన ప్రశ్న. మొదటిదానికి జవాబుగా ఇది రాస్తున్నాను. ఏ సాఫ్ట్‌వేర్ కొన్నా ఫర్వాలేదు, అసలు పని అందులో లేదు.

నేను నాష్‌విల్‌లో చాలా ఏళ్లు పాటలు మిక్స్ చేశాను. పాటలో గొంతు, గిటార్, డ్రమ్స్, ఫిడిల్ అన్నీ విడివిడిగా రికార్డవుతాయి. ఏది ఎంత వినపడాలో చూసి, అన్నింటినీ ఒక పాటగా కలపడం మా పని. ఈ మాట మన తెలుగువాళ్లకు ఎన్నిసార్లు చెప్పినా తలకెక్కలేదు. మా ఆయన చేసే డేటాబేస్ పని ఏమిటో ఎవరికీ తెలియకపోయినా ఎవరూ అడగరు. నన్ను మాత్రం "మీరు డీజేనా అండీ?" అని అడిగేవాళ్లు. ప్రతి ఉగాదికీ స్టేజి వెనకనుంచి ఎవరో ఒకరు పరిగెత్తుకొచ్చి, "సుధక్కా, మైక్ కుయ్యిమంటోంది, కొంచెం చూడండి," అనేవాళ్లు. పట్టుచీర కట్టుకుని స్పీకర్ల వెనక పాకడం నాకు అలవాటైపోయింది.

బక్ నేర్పిన విద్య

నా మొదటి బాస్ పేరు బక్. స్టూడియో ఆయనదే. పొడుగ్గా, సన్నగా ఉండేవాడు, మాటలు తక్కువ. గుంటూరులో ఎలక్ట్రానిక్స్ చదివి వచ్చిన నన్ను పాత కన్సోల్ రిపేరు చేయడానికి పెట్టుకున్నాడు. కన్సోల్ అంటే భోజనాల బల్లంత పెద్ద పెట్టె. దాని నిండా పైకీ కిందికీ జరిపే మీటలు ఉంటాయి. ఒక్కో మీట ఒక్కో వాయిద్యానిది. పైకి జరిపితే ఆ వాయిద్యం బాగా వినపడుతుంది, కిందికి జరిపితే తగ్గుతుంది.

చేరిన కొత్తలో కన్సోల్ వెనక మూత విప్పి చూస్తే, కుడివైపు చివరి మీటకు వైరు లేదు. పైన మాత్రం తెల్లటి టేపు అంటించి 'ఫీల్' అని రాసి ఉంది. అయ్యో, ఎవరూ చూసుకోలేదే అనుకున్నాను. ఎవరూ చెప్పకుండానే, ఎంతో శ్రద్ధగా వైరు అతికించి డ్రమ్స్‌కి కలిపాను. బక్ మెచ్చుకుంటాడని ఆ పూటంతా ఎదురుచూశాను.

మర్నాడు ఒక రికార్డు కంపెనీ పెద్దమనిషి వచ్చాడు. పాట విని, "బాగానే ఉంది, కానీ ఫీల్ సరిపోలేదు," అన్నాడు. బక్ తల ఊపి, ఆ చివరి మీటను మెల్లగా పైకి జరిపాడు. డ్రమ్స్ ఒక్కసారిగా ఉరిమినట్టు మోగాయి. పెద్దమనిషి చేతిలోని కాఫీ చొక్కా మీద ఒలికింది. ఆయన వెళ్లాక బక్ నా వైపు తిరిగి, "నా మీటను ఎవరు బాగుచేశారు?" అని అడిగాడు.

నేను చెయ్యెత్తాను.

"అది పాడవలేదమ్మాయ్. దాని పనే అది," అన్నాడు. వైరు మళ్లీ పీకించాడు.

తర్వాత నెమ్మదిగా అర్థమైంది. పాట వినడానికి వచ్చే పెద్దలు ఏదో ఒకటి మార్పించకుండా వెళ్లరు. మార్పించకపోతే తాము వచ్చినట్టు ఎవరికీ తెలియదని వాళ్ల భయం. అడిగినవన్నీ నిజంగా మారిస్తే పాట నాశనమవుతుంది. అందుకని పాత స్టూడియోల్లో ఇలాంటి మీట ఒకటి ఉంచుకునేవాళ్లు. దాన్ని వాడే పద్ధతి కూడా బక్కే నేర్పాడు. గబుక్కున జరపకూడదు. మీట వైపు కాదు, మనిషి మొహం వైపు చూడాలి. మధ్యలో ఆపి, "ఎక్కువైందంటారా?" అని అడగాలి. నూటికి నూరుపాళ్లూ, "కొంచెం తగ్గించు, ఆఁ, అక్కడ ఆపు," అంటారు. ఒకాయనైతే, "వద్దు, తలనొప్పి వస్తోంది, తీసెయ్," అన్నాడు. తీసేస్తే తలనొప్పి తగ్గిందని థాంక్స్ కూడా చెప్పాడు.

ఇదంతా అమెరికావాళ్ల వెర్రితనం అనుకోకండి. మన ఉగాది ఫంక్షన్లలో పాత సినిమా పాటలు పాడే అంకుల్స్ అందరికీ ఎకో కావాలి. "ఇంకొంచెం ఎకో పెంచమ్మా, గొంతు డ్రైగా ఉంది," అంటారు. ఎకో ఇంకా పెంచితే ఒక్క మాట కూడా అర్థం కాదు. నేను ఒక ఖాళీ నాబ్ తిప్పి, "ఇప్పుడెలా ఉందండీ?" అనేదాన్ని. "ఆఁ, ఇప్పుడు కరెక్ట్," అని కళ్లు మూసుకుని చరణం అందుకునేవారు. అందరి చెవిలో పువ్వులు పెట్టడం తప్పే. కానీ కింద కూర్చున్నవాళ్ల చెవులు కూడా కాపాడాలి కదా.

ఫ్రిస్కోలో మట్టిరోడ్డు

నేను రిటైరయ్యే ముందు చేసిన ఆఖరి పెద్ద పని మేఘన ఆల్బమ్. మేఘన డాలస్ పక్కన ఫ్రిస్కోలో పుట్టి పెరిగిన తెలుగు పిల్ల. అమ్మా నాన్నా ఇద్దరూ సాఫ్ట్‌వేర్. చిన్నప్పుడు స్కూలు బస్సు డ్రైవర్ పెట్టే రేడియోలో కంట్రీ పాటలు, అమెరికా కొండపల్లెల్లో పుట్టినవి, విని పిచ్చెక్కించుకుంది. కాలేజీ అయ్యాక, "ఒక ఏడాది ట్రై చేస్తాను మమ్మీ," అని చెప్పి గిటార్ పట్టుకుని నాష్‌విల్ వచ్చింది. ఒక రికార్డు కంపెనీ చేతికి చిక్కింది. గొంతు బంగారం. ఆ మాట నేను చాలా తక్కువమంది గురించే అన్నాను.

ఒకే చిక్కు. మేఘనకు పాతకాలపు కంట్రీ అంటే భక్తి. ఫిడిల్, స్టీల్ గిటార్, మూడు మాటల్లో ఏడిపించే పాట, అంతే కావాలి. పాప్ అన్న మాట వింటే మొహం చిట్లించేది. కౌబాయ్ బూట్లు వేసుకుని స్టూడియోకి వచ్చేది, అవి కరిచి కాళ్లు బొబ్బలెక్కితే సోఫా మీద కూర్చుని విప్పుకునేది. "ఆంటీ, నాకు ప్యూర్ సౌండ్ కావాలి. రియల్ కంట్రీ. నో పాప్ స్టఫ్," అని రోజూ చెప్పేది. పాటల్లో మట్టిరోడ్లు, నాన్న పాత ట్రక్కు, వరండాలో బఠానీలు వలిచే అమ్మ ఉండేవారు.

ఆ అమ్మ పద్మ ఒకసారి కూతుర్ని చూడటానికి వచ్చి ఆ పాట వింది. మాటలకు నేను అర్థం చెప్పక్కర్లేకపోయింది.

"మన ఇంటిముందు మట్టిరోడ్డు ఎక్కడుందే?" అంది. "గడ్డి కొంచెం పెరిగితేనే మన కాలనీ హెచ్‌ఓఏ వాళ్లు నోటీసు పంపిస్తారు. మీ నాన్న నడిపేది మినీవ్యాన్. నేను బఠానీలు ఎప్పుడు వలిచాను? ఫ్రోజెన్ ప్యాకెట్ కదా కొనేది?"

"మమ్మీ, ఇట్స్ ఎ సాంగ్."

"సాంగే. కానీ అమ్మ అని పాడితే జనం నన్నే అనుకుంటారు. ఆవిడెవరో పాపం, రోజంతా బఠానీలు వలుస్తోంది."

మేఘన అలిగి పక్క గదిలోకి పోయింది. వారం తిరక్కుండా ఒక కొత్త పాట రాసింది. ఆదివారం పొద్దున్న ఖాళీగా ఉన్న మాల్ పార్కింగ్‌లో అమ్మ తనకు కారు నేర్పించడం గురించి. పక్క సీట్లో కూర్చున్న అమ్మ, అక్కడ లేని బ్రేకును తొక్కడం, భయపడినప్పుడల్లా తెలుగులో దేవుణ్ని పిలవడం. ఆల్బమ్‌లో నిజం చెప్పిన పాట అదొక్కటే. దాన్ని గొంతు, గిటార్, స్టీల్ గిటార్, ఈ మూడింటితోనే ఉంచాలని మేఘన పట్టుబట్టింది. నేను ఆమె పక్షాన నిలబడ్డాను.

స్టీల్ గిటార్ వాయించింది ఎర్ల్. డెబ్బై దాటిన మనిషి. అది బల్లలా కాళ్ల మీద నిలబడే గిటార్. తీగల మీద ఇనుప కడ్డీ జారుస్తూ వాయిస్తారు. ఒక స్వరం నుంచి ఇంకో స్వరానికి జారిపోతుంది. వీణ వింటూ పెరిగిన నాకు అది వింటే ప్రాణం లేచివచ్చేది.

డెరెక్ గారి కొలతలు

కంపెనీ తరఫున ఆల్బమ్ చూసుకునేవాడు డెరెక్. మంచివాడే, అందరితో నవ్వుతూ మాట్లాడతాడు. పాట వింటున్నంతసేపూ ఫోన్ చూస్తాడు. ఈ ఆల్బమ్ సంప్రదాయం, పాప్ రెండూ కలిసినది కావాలని ఆయన కోరిక. కలపాలంటే ఎలా అంటే, "అరవై నలభై," అనేవాడు. ఏది అరవై, ఏది నలభై అన్నది మీటింగు మీటింగుకూ మారేది. స్టీల్ గిటార్ తాతలకు వినపడాలి, మనవలకు వినపడకూడదు. ఫిడిల్ ఉండాలి, కానీ ఫిడిల్‌లా ఉండకూడదు. ఇవి నేను కల్పించినవి కావు. మర్యాదగా కాగితం మీద రాసుకుని తల ఊపాను.

ఒక రోజు డెరెక్‌కి మేఘన అమ్మానాన్నలు ఎక్కడివాళ్లో తెలిసింది. కళ్లు మెరిశాయి. "మరి మీ సంప్రదాయం? ఒక సితార్ పెడదాం," అన్నాడు.

"నేను సితార్ లైఫ్‌లో టచ్ చేయలేదు," అంది మేఘన.

ఆ సంగతి పద్మకు తెలిస్తే, "సితార్ ఎందుకు, ఒక కీర్తన పాడించండి అక్కా, మీ మాటైతే వింటుంది," అని నాకు ఫోన్ చేసింది. ఇద్దరికీ కావలసింది మేఘన తప్ప ఇంకెవరో. నేను తలపట్టుకున్నాను.

మిగతా పాటల్లో బేరాలు కుదిరాయి. ఒకదానిలో డ్రమ్ మెషీన్, ఒకదానిలో ఫిడిల్, అలా నెట్టుకొచ్చాం. పార్కింగ్ పాట దగ్గర బండి ఆగింది. డెరెక్‌కి అందులో పాప్ కావాలి. మేఘనకు చుక్క కూడా వద్దు. ఇక్కడ పిల్లలు ఒక సంగతి తెలుసుకోవాలి. పాడింది మేఘనే అయినా, రికార్డింగులు కంపెనీవి. ఇద్దరూ ఒప్పుకుని సంతకం పెడితేనే ఆల్బమ్ బయటికి వస్తుంది. లేకపోతే బీరువాలోకి పోతుంది, ఆ పాటలను ఆమె మళ్లీ ఇంకెక్కడా రికార్డు చేయడానికి వీల్లేదు. అలా బీరువాల్లోకి పోయిన ఆల్బమ్‌లు నాష్‌విల్‌లో ఎన్నో ఉన్నాయి. వాటిని పాడినవాళ్లు ఇప్పుడు ఇళ్లు అమ్మిపెట్టే పనిలో ఉన్నారు.

ఆ మధ్యాహ్నం

ఆఖరిసారి వినడానికి డెరెక్ వచ్చిన రోజున మేఘన నా వెనక సోఫాలో కూర్చుంది. ఎర్ల్ కూడా తన స్టీల్ గిటార్ ముందు ఉన్నాడు. పద్మ ఊళ్లోనే ఉంది, లాంజ్‌లో ల్యాప్‌టాప్ పెట్టుకుని ఆఫీసు కాల్‌లో ఉంది. సాయంత్రం ఆమెకు డాలస్ ఫ్లైట్.

పాట అయిపోయింది. డెరెక్ ఫోన్‌లోంచి తలెత్తి, "అందంగా ఉంది. కానీ పాప్ ఏదీ?" అన్నాడు.

బక్ పోయి చాలా ఏళ్లయింది. ఆయన కన్సోల్, ఆ చివరి మీటతో సహా, నా దగ్గరే ఉంది. టేపు మార్చి 'పాప్' అని ముందే రాసిపెట్టాను. పాట మళ్లీ పెట్టి, మెల్లగా పైకి జరిపాను. డెరెక్ మొహం వైపు చూశాను. కనుబొమ్మలు లేచాయి. కాలు ఆడించాడు. "ఇదీ," అన్నాడు. "ఉండు, నేను చేస్తాను." వచ్చి తనే మీట పట్టుకుని పైదాకా తోశాడు. కొంచెం తగ్గించాడు. మళ్లీ తోశాడు. చివరికి తృప్తిగా వెనక్కి వాలి, "వింటున్నారా? పాటకు ప్రాణం వచ్చింది," అన్నాడు. మీట ఉన్న చోటును ఫోన్‌తో ఫోటో తీసుకున్నాడు. "మిగతా పాటలన్నిటికీ ఇదే లెవెల్ పెట్టు, సుధా," అని చెప్పి తన సంతకం తను పెట్టేసి వెళ్లిపోయాడు. ఆయన చెప్పిన పని ఆయన కారెక్కేలోపే పూర్తయింది.

నేను నవ్వుకుంటూ వెనక్కి తిరిగాను. మేఘన ఏడుస్తోంది.

"ఐ హేట్ ఇట్ ఆంటీ. మీరు కూడా వాళ్లతో కలిశారు," అంది. "ఆ పాటని పాప్ చేసేశారు. నేను సైన్ చేయను. షెల్ఫ్‌లో పెట్టుకోమనండి."

 గబగబా టార్చి తెచ్చి, కన్సోల్ వెనక మూత తీసి చూపించాను. "చూడు, వైరు లేదు. ఆయన జరిపింది ఉత్త మీట."

వంగి చూసింది. "నన్ను కూల్ చేయడానికి చెప్తున్నారు."

"అయితే నువ్వే జరుపు."

పాట పెట్టాను. తనే పైకి తోసింది, కిందికి లాగింది. ఏమీ మారలేదు. 

"బట్ ఐ హర్డ్ ఇట్ ఆంటీ. ఐ స్వేర్. కోరస్‌లో, ఆ పైకి ఎగిరేది."

అప్పుడు నాకర్థమైంది. గిటార్లు రెండూ ఆపేసి, తన గొంతు ఒక్కటే వినిపించాను. అది ఉంది. కోరస్‌లో 'మమ్మీ' అన్న మాట దగ్గర గొంతు చటుక్కున పైకెగిరి, సన్నగా విరిగి, నవ్వుతున్నట్టు కిందికి దిగింది. ఏ కొండప్రాంతపు పాట నుంచీ వచ్చింది కాదది. మిడిల్ స్కూల్‌లో ఆడపిల్లలు అద్దం ముందు దువ్వెన పట్టుకుని పాడే పాప్ పాటల నుంచి వచ్చింది. పాటంతా అది అక్కడక్కడా ఉంది, మొదటినుంచీ ఉంది. మేమెవరమూ పట్టించుకోలేదు.

మేఘన మొహం ఎర్రబడింది. "అది నేనా?"

"నువ్వే."

"తీసేయండి."

"నీ గొంతు నేనెలా తీస్తాను?"

"అయితే మళ్లీ పాడతాను. ప్యూర్‌గా."

గాజు తలుపు వెనకున్న పాడే గదిలోకి వెళ్లి పాడింది. ఎప్పుడో కొండల్లో పుట్టిన ముసలావిడ యాస పెట్టి, ముక్కుతో సాగదీస్తూ పాడింది. పార్కింగ్ అన్న మాట ఆ యాసలో విచిత్రంగా ఉంది. ఎర్ల్ మధ్యలో తీగల మీంచి చేతులు తీసేశాడు.

"ఇందాకటి అమ్మాయి ఎక్కడికి పోయింది?" అని నన్నడిగాడు. ఎగతాళి కాదు, నిజంగానే అడిగాడు.

ఇంకోసారి పాడింది. అది ఇంకా దారుణం. ఇక్కడ నా తప్పు కూడా ఉంది, చెప్పేస్తాను. ఆ మీట కంపెనీవాళ్లకు, అంకుల్స్‌కు పనికొస్తుంది. పాడే మనిషి గదిలో ఉన్నప్పుడు ముట్టుకోకూడదు. వాళ్ల చెవులు అప్పటికే అందరి మాటలూ విని పుండై ఉంటాయి. మీలో ఈ పనిలోకి వచ్చేవాళ్లు ఇదొక్కటి గుర్తుపెట్టుకోండి.

గాజు తలుపు వెనక మేఘన నేల వైపు చూస్తూ నిలబడింది. సంతకం కోసం కాగితం నా ముందు బల్ల మీద ఉంది. సాయంత్రంలోగా అది కంపెనీకి చేరాలి. ఏం చేయాలో తోచక, ఏదో ఒకటి మోగనీ అని మొదటిసారి పాడినదాన్నే మళ్లీ పెట్టాను. స్పీకర్లలో గొంతు, గిటార్, ఎర్ల్ స్టీల్ గిటార్. మీట ఎక్కడుందో కూడా చూడలేదు.

లాంజ్ తలుపు తోసుకుని పద్మ వచ్చింది. చెవుల్లో ఇంకా ఆఫీసు ఇయర్‌ఫోన్స్ ఉన్నాయి, ఒకటి తీసి చేతిలో పట్టుకుంది. సూట్‌కేస్ గుమ్మంలో వదిలేసింది. పాట చివరిదాకా నిలబడే వింది. కోరస్‌లో గొంతు పైకెగిరినప్పుడు తెలియకుండానే ఆమె కుడికాలు నేలను తొక్కింది.

పాట అయ్యాక నావైపు తిరిగింది.

"ఇది ఇంట్లో పాడుకున్నట్టే ఉంది కదక్కా. స్నానం చేస్తూ ఇలాగే పాడుతుంది," అంది. "ఇన్నాళ్లూ మీరందరూ కలిసి ఏం చేశారు?"

పాడే గదిలోకి మాట్లాడే నా మైకు ఆన్‌లోనే ఉంది. లోపల మేఘనకు అంతా వినపడింది. అమ్మను చాలాసేపు చూసింది. తర్వాత హెడ్‌ఫోన్స్ తీసి స్టాండుకు తగిలించి, బయటికి వచ్చి, నా చేతిలోంచి పెన్ను తీసుకుంది.